కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్: టెన్ పవర్లలో దిట్ట, సార్థక అంకెలు మాత్రం మన పనే

ఇంజనీరింగ్‌లోనో బీఎస్సీలోనో చేరగానే కొనే సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్‌కి మంచి పేరుంది. 417 ఫంక్షన్లు, మాట్రిక్సులు, వెక్టర్లు, ఇంటిగ్రేషన్ అంటూ దాని గొప్పలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ రివ్యూ వాటి జోలికి పోదు. ల్యాబ్ రికార్డులోనూ ఫిజిక్స్, కెమిస్ట్రీ లెక్కల్లోనూ మార్కులు పోయే చోటు వేరే ఉంది. చాలా పెద్ద, చాలా చిన్న సంఖ్యల్ని టెన్ పవర్లలో తప్పు లేకుండా కొట్టడం ఒకటి, వచ్చిన జవాబులో ఎన్ని అంకెలు ఉంచాలో తేల్చుకోవడం రెండోది. మొదటి పనికి ఇంతకన్నా నమ్మకమైన మిషన్ అక్కర్లేదు. రెండో పని ఇది చేయదు. చేసినట్టు కనిపిస్తుంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు.

ముందు టెన్ పవర్ల సంగతి. అన్నిటికన్నా కింది వరుసలో సున్నా, చుక్క, వాటి పక్కనే ×10 అని రాసి పైన చిన్న ఘాతం గుర్తు ఉన్న బటన్ ఉంటుంది. పాత ఎంఎస్ మోడళ్లలో దీని స్థానంలోనే ఈఎక్స్‌పీ బటన్ ఉంటుంది, పని ఒకటే. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6×10⁻¹⁹ కొట్టాలంటే 1.6, ఆ బటన్, బ్రాకెట్లలో మైనస్ ఉన్న బటన్, 19. తెర మీద చిన్న ×10 గుర్తు, దాని పక్కన −19 కనిపిస్తాయి. ఇలా కొట్టినదాన్ని కాలిక్యులేటర్ ఒకే సంఖ్యగా తీసుకుంటుంది. ఈ బటన్ విలువంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది.

దీంతో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి, 1.6 తర్వాత గుణకారం గుర్తు, 10 కూడా కొట్టి, ఆపైన ఈ బటన్ నొక్కడం. ×10 ఆ బటన్‌లోనే ఉంది కాబట్టి జవాబు సరిగ్గా పది రెట్లు ఎక్కువొస్తుంది, 1.6×10⁻¹⁸. పవర్ ఒక్కటి తేడా కాబట్టి చూసినా అనుమానం రాదు. రెండో తప్పు ఇంకా పెద్దది. ఈ బటన్ వదిలేసి గుణకారం, 10, పవర్ బటన్, −19 అని విడివిడిగా కొట్టడం. సంఖ్య లవంలో ఉంటే ఇబ్బంది లేదు. హారంలో ఉంటే లెక్క తలకిందులవుతుంది.

500 నానోమీటర్ల కాంతి ఫోటాన్ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కట్టే లెక్కే చూడండి. 6.63×10⁻³⁴ ని 3.00×10⁸ తో గుణించి, 5.00×10⁻⁷ తోనూ 1.60×10⁻¹⁹ తోనూ భాగించాలి. ×10 బటన్‌తో కొడితే 2.48625 వస్తుంది, మూడు అంకెలకి 2.49. అదే లెక్కని పవర్ బటన్‌తో, బ్రాకెట్లు లేకుండా కొడితే 2.48625×10⁻⁵² వస్తుంది. కాలిక్యులేటర్ 5 తో భాగించి 10⁻⁷ తో గుణించింది, 1.6 తో భాగించి 10⁻¹⁹ తో గుణించింది. ముందున్న అంకెలు అచ్చంగా అవే. పవర్ మాత్రం 52 స్థానాలు పక్కకి పోయింది. జవాబులో అంకెలు పక్కవాడితో కలిసి పవర్ కలవకపోతే, నూటికి తొంభై సార్లు వెతకాల్సిన తప్పు ఇదే. పవర్ బటన్ వాడితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఘాతం కొట్టాక కుడి బాణం నొక్కి బయటికి రాకపోతే, తర్వాత కొట్టే అంకెలన్నీ ఘాతంలోనే చేరిపోతాయి. ×10 బటన్‌కి ఆ బాధ లేదు.

ఇక సెటప్. షిఫ్ట్, మోడ్ నొక్కితే తెరుచుకునే పట్టీలో 6 ఫిక్స్ (దశాంశ స్థానాలు ఎన్నో), 7 సై (సార్థక అంకెలు ఎన్నో), 8 నార్మ్ (మామూలు పద్ధతి). కొత్త మిషన్ నార్మ్ 1 లో వస్తుంది. నార్మ్ 1 లో 0.01 కన్నా చిన్న సంఖ్య ఏదైనా టెన్ పవర్‌లోకి మారిపోతుంది. దశాంశ జవాబుల్లో 0.005 బదులు 5×10⁻³ అని చూపించడం చూసి మిషన్ పాడైందనుకునేవాళ్లు ఉన్నారు. నార్మ్ 2 పెడితే 10⁻⁹ దాకా మామూలు దశాంశాల్లోనే చూపిస్తుంది. షిఫ్ట్, మోడ్, 8, 2 నొక్కితే చాలు.

ఇంకో సెట్టింగ్ మార్చకపోతే తర్వాత చెప్పేదేదీ సరిగ్గా కుదరదు. ఈ మోడల్ జవాబుని వీలైనప్పుడల్లా భిన్నంగా, రూట్లుగా చూపిస్తుంది. గణితానికి అది బాగుంటుంది, ల్యాబ్ లెక్కకి అడ్డం. సై 4 పెట్టి 1÷7 కొట్టినా తెర మీద ఏడో వంతు భిన్నమే కనిపిస్తుంది, భిన్నాన్ని దశాంశంగా మార్చే ఎస్-డీ బటన్ నొక్కాకే 1.429×10⁻¹ వస్తుంది. ప్రతిసారీ ఆ బటన్ నొక్కే బదులు షిఫ్ట్, మోడ్, 1, 2 నొక్కి లైన్ అవుట్‌పుట్ పెట్టుకోండి. కొట్టేటప్పుడు భిన్నాలు, రూట్లు పుస్తకంలోలాగే ఉంటాయి, జవాబు మాత్రం నేరుగా దశాంశంలో వస్తుంది. సైన్స్ విద్యార్థులకి ఈ మిషన్‌లో ఇంతకన్నా మంచి సెట్టింగ్ లేదు.

ఇప్పుడు సిగ్నిఫికెంట్ ఫిగర్స్, మన పుస్తకాల మాటలో సార్థక అంకెలు, అంటే కొలతలో నమ్మదగ్గ అంకెలు. షిఫ్ట్, మోడ్, 7 నొక్కితే 0 నుంచి 9 దాకా ఒక అంకె అడుగుతుంది. 3 నొక్కితే ప్రతి జవాబూ మూడు సార్థక అంకెల్లో, టెన్ పవర్ రూపంలో వస్తుంది. సున్నా నొక్కితే పది అంకెలు. తెర పైన సై గుర్తు వెలుగుతుంది. దీని మేలు సున్నాల దగ్గర తెలుస్తుంది. 2.50 ని 4.00 తో గుణిస్తే నార్మ్‌లో ఒట్టి 10 అని వస్తుంది, ఎందుకంటే 2.50 కొట్టినా 2.5 కొట్టినా కాలిక్యులేటర్‌కి ఒకటే. రికార్డులో రాయాల్సింది 10.0. సై 3 లో 1.00×10¹ వస్తుంది, సున్నాలు నిలుస్తాయి. 4500 అని రాస్తే రెండు అంకెలా, మూడా, నాలుగా అన్నది ఎవరికీ తెలియదు. 4.50×10³ అని రాస్తే మూడు అని ఎవరైనా చెప్తారు. ఆ స్పష్టతని ఈ మోడ్ అలవాటు చేస్తుంది.

అయితే సై 3 అంటే "మూడు అంకెలు చూపించు" అని మనం ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. కొలతలో నిజంగా మూడు అంకెలున్నాయో లేదో అది చూడదు. తీసివేతలో ఇది బయటపడుతుంది. ఖాళీ మూస (క్రూసిబుల్) బరువు 25.37 గ్రాములు, పదార్థంతో కలిపి 25.42 గ్రాములు. తేడా 0.05 గ్రాములు. రెండు కొలతల్లోనూ నాలుగేసి సార్థక అంకెలున్నా, తేడాలో మిగిలింది ఒక్కటే. సై 3 లో ఉన్న కాలిక్యులేటర్ మాత్రం 5.00×10⁻² అని చూపిస్తుంది. ఆ చివరి రెండు సున్నాలు ఏ త్రాసూ చూడనివి. రికార్డులో అలాగే దించితే 0.0001 గ్రాము దాకా తూచానని రాసినట్టు. ఆపైన ఆ బరువుతో మొలారిటీ కట్టి మూడు అంకెల్లో రాస్తే తప్పు ఇంకో మెట్టు ఎక్కుతుంది.

కూడికలోనూ అంతే. 24.36, 0.0623, 118.2 కలిపితే 142.6223. అన్నిటికన్నా తక్కువ సార్థక అంకెలున్నది 0.0623 కాబట్టి మూడు అంకెలు చాలనుకుని సై 3 పెడితే 1.43×10² వస్తుంది. సరైన జవాబు 142.6. కూడికలో, తీసివేతలో చూడాల్సింది సార్థక అంకెలు కాదు, దశాంశ స్థానాలు. 118.2 లో చుక్క తర్వాత ఒక్క స్థానమే ఉంది కాబట్టి జవాబులోనూ ఒక్కటే.

ఇక్కడే ఈ మిషన్‌ని తెలివిగా వాడుకునే దారి ఉంది. గుణకారం, భాగహారం, వర్గం, వర్గమూలం అయితే సై. కూడిక, తీసివేత అయితే ఫిక్స్. ఫిక్స్ దశాంశ స్థానాల్ని లెక్కపెడుతుంది, కూడిక నియమానికి కావల్సిందీ అదే. ఫిక్స్ 1 లో పై కూడిక 142.6 వస్తుంది, ఫిక్స్ 2 లో 25.42−25.37 కొడితే 0.05 వస్తుంది. పీహెచ్ లెక్కలకి కూడా ఫిక్సే సరైనది. హైడ్రోజన్ అయాన్ల గాఢత 2.5×10⁻⁴ అయితే పీహెచ్ 3.60206. గాఢతలో రెండు సార్థక అంకెలున్నాయి కాబట్టి పీహెచ్‌లో చుక్క తర్వాత రెండు స్థానాలుండాలి, అంటే 3.60. చుక్కకి ముందున్న 3 టెన్ పవర్ నుంచి వచ్చింది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. సై 2 పెడితే 3.6 అని ఒక అంకె పోతుంది. ఫిక్స్ 2 సరిగ్గా 3.60 ఇస్తుంది. కాకపోతే ఫిక్స్ పని అయిపోగానే తీసేయాలి. ఫిక్స్ 2 అలాగే ఉండగా ఎలక్ట్రాన్ ఆవేశంతో లెక్క చేస్తే 0.00 అని వస్తుంది.

మధ్యలో రౌండ్ చేయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రాక్టికల్స్‌లో జవాబులు ఒకరివొకరికి కలవకపోవడానికి అసలు కారణం ఇదే. లఘులోలకంతో గురుత్వ త్వరణం కట్టే ప్రయోగం తీసుకుందాం. పొడవు 0.825 మీటర్లు, 20 డోలనాలకి 36.4 సెకన్లు. ఆవర్తన కాలం 1.82 సెకన్లు. ఇక్కడ 20 కొలత కాదు, లెక్కపెట్టిన సంఖ్య. దానికి సార్థక అంకెల పరిమితి ఉండదు. సూత్రంలో ఉన్న 4 కూడా అంతే. 4π²×0.825÷1.82² అని ఒకే వరుసలో కొడితే 9.8327 వస్తుంది, మూడు అంకెలకి 9.83. ముందు 1.82 వర్గాన్ని 3.31 అని కాగితం మీద రాసుకుని దాంతో భాగిస్తే 9.84. కాలిక్యులేటర్‌లో π ఉన్నా 3.14 కొడితే 9.82. కొలతలు ముగ్గురివీ అవే, జవాబులు మూడు. సరైన పద్ధతి మొదటిదే. లెక్క అంతా మిషన్‌లోనే సాగనిచ్చి, చివర ఒక్కసారే రౌండ్ చేయాలి. π ఆ ×10 బటన్‌కే షిఫ్ట్‌లో ఉంటుంది.

ఈ విషయంలో ఈఎస్ ప్లస్ చక్కగా సాయపడుతుంది. సై 3 పెట్టినా చూపించడం వరకే మూడు అంకెలు. లోపల 15 అంకెలతో లెక్క నడుస్తూనే ఉంటుంది. ముందటి జవాబుని తెచ్చే ఆన్స్ బటన్‌తో ముందుకి తీసుకెళ్లేది ఆ పూర్తి విలువనే. నిజంగా తెర మీద ఉన్నంత వరకే ఉంచి మిగతాది కోసేయాలంటే షిఫ్ట్, 0 మీదున్న ఆర్ఎన్‌డీ వాడాలి. ఫిక్స్ 3 లో 200÷7 కొడితే 28.571. దాన్ని నేరుగా 14 తో గుణిస్తే 400.000. మధ్యలో ఆర్ఎన్‌డీ చేసి గుణిస్తే 399.994. పట్టికలో రాసుకున్న విలువలతోనే మళ్లీ సరిచూసుకోవాలన్నప్పుడు తప్ప ఆర్ఎన్‌డీ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రౌండింగ్‌లో పుస్తకానికీ మిషన్‌కీ ఒక తేడా ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్ నియమం ప్రకారం తీసేయాల్సింది సరిగ్గా 5 అయితే, ముందున్న అంకె సరి సంఖ్య అయినప్పుడు అలాగే వదిలేయాలి, బేసి అయినప్పుడు ఒకటి పెంచాలి. 3.265 ని 3.26 అనీ, 3.275 ని 3.28 అనీ రాయాలి. కాసియో 5 వస్తే ఎప్పుడూ పెంచుతుంది. సై 3 లో 3.265 కొడితే 3.27. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. కానీ పరీక్షలో అడిగింది పుస్తకం నియమం అయితే మిషన్ చూపించింది రాయకూడదు. సరిగ్గా 5 తో ఆగే సంఖ్య వచ్చినప్పుడు మాత్రమే ఈ జాగ్రత్త. 3.2651 అయితే ఎవరి లెక్కలోనైనా 3.27 యే.

ఈఎన్‌జీ బటన్ ఎలక్ట్రానిక్స్ వాళ్లకి వరం. ఘాతాన్ని 3 గుణిజాల్లోకి (3, 6, 9 లాంటివి) మారుస్తుంది కాబట్టి మిల్లీ, మైక్రో, నానోల్లోకి నేరుగా చదువుకోవచ్చు. 4.7×10⁻⁵ ఫారడ్ల దగ్గర ఒకసారి నొక్కితే 47×10⁻⁶, అంటే 47 మైక్రోఫారడ్లు. ఇంకోసారి నొక్కితే 47000×10⁻⁹. ఈ రెండోదాంట్లో చివరి సున్నాలు స్థానం చూపించడానికే, సార్థక అంకెలుగా లెక్కపెట్టొద్దు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 22 నానోఫారడ్ల కెపాసిటర్‌తో ఫిల్టర్ కటాఫ్ కడితే 1539 హెర్ట్జ్ వస్తుంది, రెండు అంకెల విలువలకి 1.5 కిలోహెర్ట్జ్ అని రాయడమే న్యాయం.

స్థిరాంకాలు 40 ఉన్నాయి. షిఫ్ట్, 7 నొక్కి రెండంకెల నంబరు కొట్టాలి. ప్లాంక్ స్థిరాంకం 06, ఎలక్ట్రాన్ ఆవేశం 23, అవొగాడ్రో సంఖ్య 24, బోల్ట్జ్‌మన్ 25, కాంతి వేగం 28, గురుత్వ స్థిరాంకం 39. చేత్తో కొట్టేటప్పుడు పవర్ తప్పడం అనే సమస్య వీటితో పూర్తిగా పోతుంది. అయితే అన్నీ ఒకే నమ్మకంతో తెలిసినవి కావు. కాంతి వేగం 299792458 అన్నది నిర్వచనమే, అందులో సందేహానికి తావు లేదు. గురుత్వ స్థిరాంకం 6.674×10⁻¹¹ తర్వాత ఒకటి రెండు అంకెల దాకానే తెలుసు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2019 మే 20 నుంచి ప్లాంక్, అవొగాడ్రో, బోల్ట్జ్‌మన్ స్థిరాంకాలకీ, ఎలక్ట్రాన్ ఆవేశానికీ కచ్చితమైన విలువలు నిర్ణయించారు. అంతకు ముందు రూపొందిన మోడళ్లలో చివరి అంకెలు కొంచెం తేడాగా ఉంటాయి, మూడు నాలుగు అంకెల లెక్కకి అది అడ్డు రాదు.

అసలు లోపం అనదగ్గది అతి చిన్న సంఖ్యల దగ్గరుంది. ఈ మిషన్ పట్టుకోగలిగేది 10⁻⁹⁹ దాకానే. స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో ప్లాంక్ స్థిరాంకం ఘనం వస్తుంది. 6.63×10⁻³⁴ ఘనం 2.91×10⁻¹⁰⁰. గీత కింద పడిపోయింది కాబట్టి కాలిక్యులేటర్ ఎర్రర్ చూపించకుండా సున్నా అనేస్తుంది. పెద్ద సంఖ్యల వైపు ఇంత ప్రమాదం లేదు. 69 ఫాక్టోరియల్ 1.711×10⁹⁸ వస్తుంది, 70 ఫాక్టోరియల్‌కి మాథ్ ఎర్రర్ అని ఆగిపోతుంది, తప్పు జరిగిందని మనకి తెలుస్తుంది. చిన్న వైపు ఆ హెచ్చరిక లేకపోవడం బాధాకరం. విరుగుడు సులువే, ముందు భాగించి తర్వాత ఘనం చేయడం. 300 కెల్విన్ల దగ్గర హీలియంకి, ప్లాంక్ స్థిరాంకం ఘనం హారంలో వచ్చే ఇలాంటి లెక్కలో, 2π, ద్రవ్యరాశి 6.65×10⁻²⁷, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం 1.38×10⁻²³, 300 గుణించి, వర్గమూలం తీసి, 6.63×10⁻³⁴ తో భాగిస్తే 1.98×10¹⁰. దాన్ని ఆన్స్‌తోనే ఘనం చేస్తే 7.81×10³⁰. ఘనాన్ని హారంలో విడిగా కడితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు.

ఏది కొనాలి? టెన్ పవర్లు, సార్థక అంకెల వరకే అయితే ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్ చాలు, ధర బాగా తక్కువ. ఈఎక్స్‌పీ, సై, ఫిక్స్, ఆర్ఎన్‌డీ, ఈఎన్‌జీ అన్నీ అందులోనూ ఉన్నాయి. సై కోసం మోడ్ మూడుసార్లు నొక్కి 2, తర్వాత అంకె. స్థిరాంకాలు లేవు, కొట్టిన సమీకరణం పుస్తకంలోలా కనిపించదు. ఇంటర్ వాళ్లకి దీన్నే సిఫారసు చేస్తాం, పైగా జేఈఈ, ఈఏపీసెట్‌లలో కాలిక్యులేటర్ అనుమతించరు కాబట్టి ఆ వయసులో టెన్ పవర్లు చేత్తోనే సాధన చేయాలి. కొత్తగా వచ్చిన ఎఫ్‌ఎక్స్-991సీడబ్ల్యూ తెర చాలా స్పష్టంగా ఉంటుంది, కానీ సై మార్చాలంటే సెట్టింగ్స్, కాల్క్ సెట్టింగ్స్, నంబర్ ఫార్మాట్ అంటూ లోపలికి వెళ్లాలి. ఎస్-డీ బటన్ పోయి ఫార్మాట్ పట్టీ వచ్చింది, ఈఎన్‌జీ కూడా దాంట్లోకే చేరింది. సై, ఫిక్స్‌ల మధ్య తరచూ మారే ల్యాబ్ పనికి ఈఎస్ ప్లస్ బటన్లే వేగంగా పలుకుతాయి. డిగ్రీ, బీటెక్ వాళ్లకి మా ఓటు దానికే. గేట్ రాసేవాళ్లు మాత్రం చివరి నెలల్లో తెర మీద ఇచ్చే కాలిక్యులేటర్‌తోనే సాధన చేయాలి, పరీక్షలో చేతి కాలిక్యులేటర్ ఉండదు.

సెమిస్టర్ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ రీసెట్ చేయమనొచ్చు. షిఫ్ట్, 9, 3, ఈక్వల్స్, ఏసీ నొక్కితే మెమరీతో పాటు సెట్టింగులన్నీ పోతాయి. మిషన్ డిగ్రీలకీ నార్మ్ 1 కీ భిన్నాల అవుట్‌పుట్‌కీ తిరిగి వెళ్తుంది. ప్రశ్నపత్రం అందేలోపు షిఫ్ట్, మోడ్, 1, 2 తో లైన్ అవుట్‌పుట్, షిఫ్ట్, మోడ్, 7, 4 తో సై 4 పెట్టుకోండి, రేడియన్లు కావాలంటే షిఫ్ట్, మోడ్, 4. సై 4 ఎందుకంటే, మూడు అంకెల జవాబు రాయడానికి ఒక అంకె అదనంగా కనిపిస్తే చివరి అంకెని పుస్తకం నియమం ప్రకారం మనమే సరిచేసుకోవచ్చు.